కొక్కెం మీద బరువు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను లేచి వెళ్లిపోయే రకం. నమ్మనని వాదించడం కూడా దండగ అనిపించేది. చక్కెర ఫ్యాక్టరీలో కాటా గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. క్రషింగు సీజనులో చెరకు బళ్లు తెల్లవార్లూ వస్తూనే ఉంటాయి. బండివాళ్లు చలిమంట చుట్టూ చేరి, ఫలానా కల్వర్టు దగ్గర తెల్లచీర కనబడిందనీ, ఎడ్లు అడుగు ముందుకి వెయ్యలేదనీ చెప్పుకునేవారు. ఎడ్లు కదలకపోతే బండిలో సరుకెక్కువైందని నేను అనుకునేవాణ్ణి. చాలాసార్లు కాటా కూడా అదే చెప్పింది.

పైగా మాది క్రైస్తవ కుటుంబం. చనిపోయినవాళ్లు రోడ్ల మీద తిరగరని మా ఇంట్లో చిన్నప్పుడే చెప్పేశారు. ఆ తర్వాత దాని గురించి ఆలోచించే అవసరం నాకు రాలేదు.

రోజూ డైరీ రాయడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. మనిషి జ్ఞాపకం ఊరికే ఉండదు, ఏదో ఒకటి అల్లుతుంది. అందుకని అప్పుడు రాసుకున్నదానికి మించి ఇక్కడ ఏమీ చేర్చడం లేదు.

మా ఆవిడ పేరు కరుణ. కె.కోటపాడు చుట్టుపక్కల ఊళ్లలో నర్సుగా చేసింది. నాకంటే రెండేళ్ల తర్వాత రిటైరైంది. మాకు పిల్లలు లేరు. తిరగాలన్న సరదా మాత్రం ఇద్దరికీ ఉంది. నా పాత బుల్లెట్టు మీద కొండల్లోకి పోయి, కొండవాగు పక్కన, మా వైపు గెడ్డ అంటాం, టెంటు వేసుకుని, ఒకటి రెండు రోజులు ఉండి వచ్చేవాళ్లం. చోడవరంలో మా వీధివాళ్లకి అదొక వింత. ముసలితనంలో హనీమూనని వెనక నవ్వుకునేవారు. ముందు కూడా నవ్వేవారు.

సామాను బుల్లెట్టు మీద పట్టదు. అందుకని ఒక చిన్న ట్రైలర్ చేయించాను. రెండు స్కూటరు చక్రాలు, యాంగిల్ ఇనుముతో ఫ్రేము, దాని మీద ప్లైవుడ్ పెట్టె. ముందుకి పొడుచుకొచ్చిన ఇనప కడ్డీ, దాని చివర కొక్కెం. బండి వెనక బిగించిన గుండుకి ఆ కొక్కెం తగిలించి పిన్ను వేస్తే సరి. వీధిలో దానికి తోకబండి అని పేరు పడింది.

సర్దడం నా పని. అందులో కరుణని వేలు పెట్టనిచ్చేవాణ్ణి కాదు. నీళ్ల క్యాన్లు, గ్యాస్ పొయ్యి, పనిముట్ల సంచీ, గాలి పంపు లాంటి బరువులన్నీ చక్రాలకి ముందు, కొక్కెం వైపు. దుప్పట్లు, బట్టలు వెనక. టెంటు కర్రలు అడ్డంగా, కదలకుండా. పైన టార్పాలిన్. అంతా అయ్యాక పిన్ను వెయ్యకముందు కొక్కేన్ని ఒక చేత్తో ఎత్తి చూడాలి. నిండు బకెట్టు ఎత్తినట్టుంటే సర్దుడు కుదిరింది. ఖాళీ బకెట్టులా లేచిపోతే వెనక బరువైపోయింది. అలాంటి ట్రైలరు దిగుడులో బండి వెనక చక్రాన్ని పైకి లేపుతుంది. నేల పట్టు పోతుంది, బ్రేకు పడదు, తోక ఊపి మనిషిని పడేస్తుంది. ఎడ్లబండికీ ఇదే లెక్క. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది.

నా సర్దుడు చూసి కరుణ నవ్వేది.

"పెళ్లికూతుర్ని సాగనంపినట్టు సాగనంపుతన్నారు ఈ పెట్టెని."

"పెళ్లికూతురైతే వెనక్కి చూస్తుంది. ఇది వెనక్కి లాగుతుంది."

"నా మందుల డబ్బా ఎక్కడెట్టేరు?"

"ఎనకాల, పైన."

"మీ గాలి పంపో?"

"ముందు."

"అద్గదీ. పంపుకి ముందు సీటు, పెళ్లానికి ఎనక సీటు."

ఇలాగే బయల్దేరేవాళ్లం ప్రతిసారీ.

ఆసారి రోలుగుంట దాటి కొండల్లోకి వెళ్లాం. వానలు వెనకపట్టి చలి మొదలయ్యే రోజులు. తారురోడ్డు వదిలాక మట్టిరోడ్డు మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. పైన చిన్న గిరిజన ఊరు. ఊరికి కాస్త కింద గెడ్డ ఒడ్డున చదునైన జాగా ఉంది. అక్కడ ఒక రాత్రి హాయిగా గడిచింది. తెల్లారి టీ తాగి, ఎండ వచ్చాక సర్దడం మొదలుపెట్టాం.

టెంటు విప్పి చుట్టేశాను. మిగిలిన సామానంతా పెట్టెలో తన చోట్లో తను కూర్చుంది. కింద పరిచిన టార్పాలిన్ ఒక్కటే ఉంది. దులిపి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో కొసా పట్టుకుని ఎత్తాం. కరుణ ఎత్తిన వైపు కింద పాము ఉంది.

ఆవిడ అరవలేదు. టార్పాలిన్ వదిలేసి కుడిచెయ్యి చూసుకుంది. "కరిసేసిందండీ," అంది. బొటనవేలి కింద రెండు చుక్కలు. పాము పడగ విప్పి ఒక్క క్షణం నిలబడి గడ్డిలోకి పోయింది. నేనూ చూశాను.

తర్వాత అంతా ఆవిడే చెప్పింది, నేను చేశాను. గాజులు, ఉంగరం తీసేసింది. చెయ్యి కదలకుండా టెంటు కర్ర ముక్క పెట్టి కట్టమంది. కొయ్యొద్దు, గట్టిగా కట్టొద్దు, నీళ్లు పొయ్యొద్దు. ఊళ్లల్లో ఎంతమందికో చేసిన పనే, ఈసారి తనకి.

"కంగారు పడకండి. నాగుపాము. దీనికి ఇంజెక్షనుంది. కిందకెళ్లిపోదాం, పదండి."

ఫోనులో సిగ్నల్ లేదు. రాయెక్కి చూశాను, అక్కడా లేదు. మేకల్ని తోలుకుంటూ ఒక పెద్దావిడ గెడ్డ దాటి వచ్చింది. ఊళ్లో మనుషులున్నారా, జీపుందా అని అడిగాను.

"ఎవుల్లేరు బాబూ. సంతకెలిపోనారు. జీపు కూడా అటే పోనాది. సాయంత్రానికి గానీ రారు."

మనుషులుంటే డోలీ కట్టి మోసేవారు. ఆ దారీ లేదు.

కరుణని బుల్లెట్టు వెనక కూర్చోబెట్టి, నా నడుముకి దుప్పటితో కట్టుకుందామని చూశాను. అప్పటికే మెడ నిలవడం లేదు. కనురెప్పలు సగం వాలిపోయాయి. నిద్రొస్తున్న పిల్లలా ఉంది ముఖం. పక్కకి ఒరిగిపోతుంటే నేనూ ఆ పెద్దావిడా పట్టుకుని కింద కూర్చోబెట్టాం.

మాట ముద్దగా వస్తోంది. అయినా ఒక్కొక్క ముక్కా విడదీసి చెప్పింది. అవి నేను ఎప్పటికీ మరిచిపోలేను.

"ఇనండి. కాసేపటికి కళ్లు తెరవలేను. తర్వాత మాట పోతాది. సచ్చిపోయేననుకోకండి. నాకన్నీ ఇనబడతాయి. మాటాడతానే ఉండండి."

"నిన్నెలా తీసుకెళ్లను కరుణా?"

"పెట్టెలో ఏసేయండి. ఎడం పక్కకి ఒత్తిగిలి. తల కొండేపు ఎత్తుగా ఉండాల. ఉమ్ము గొంతులోకి పోతే ఇంజెక్షను దాకా ఉండను."

అంతకుముందే అందంగా సర్దిన సామానంతా చేతికొచ్చినట్టు బయటికి విసిరేశాను. క్యాన్లు, పొయ్యి, పంపు, అన్నీ. అడుగున దుప్పట్లు వేశాను. పెద్దావిడ కాళ్ల వైపు పట్టింది, నేను భుజాల వైపు. పెట్టె చిన్నది. మోకాళ్లు మడిచి పడుకోబెట్టాలి. తల కొండ వైపు ఉండాలంటే, దిగేటప్పుడు కొండ మా వెనక ఉంటుంది కాబట్టి, తల పెట్టె వెనక భాగంలో ఉండాలి. అంటే నడుము పైభాగమంతా చక్రాలకి వెనక్కి వస్తుంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ ఊపిరికి కావలసిన పద్ధతీ, ఆ బండికి కావలసిన పద్ధతీ ఒకదానికొకటి తలకిందులు. తల ముందుకి పెడితే దిగుడులో తల కిందకైపోతుంది, గొంతు నిండిపోతుంది. వెనక్కి పెడితే ట్రైలరు మా ఇద్దర్నీ లోయలో పడేస్తుంది.

తల వెనక్కే పెట్టాను. భుజాలు, నడుము దుప్పటితో పెట్టెకి కట్టాను. కాళ్ల దగ్గర, ముందు మూలల్లో, పట్టినన్ని గెడ్డ రాళ్లు పేర్చాను. కొక్కెం ఎత్తి చూస్తే ఇంకా తేలికే. నీళ్ల క్యాను పెడదామంటే కాళ్లకి చోటుండదు. ముందంచు మీద ఒక మనిషి కూర్చుని, ఆవిడ కాళ్లు ఒళ్లో పెట్టుకుంటే బరువు సరిపోతుంది. నాకు వేరే ఏమీ తోచలేదు. పెద్దావిడ చేతులు పట్టుకుని అడిగాను.

"ఇక్కడ కూకుని ఈవిడ కాళ్లట్టుకో తల్లీ. కింద దాకా. మళ్లీ నేనే తెచ్చి దింపుతాను."

ఆవిడ ముఖం చిన్నబోయింది. "నానెప్పుడూ బండెక్కలేదు బాబూ. కళ్లు తిరిగి నానూ పడిపోతే నీకు రెండు పీనుగులవుతాయి. ఎల్లు, ఆగకు."

నాకు కోపం రాలేదు. ఆవిడన్నది నిజమే. ఇంజను స్టార్టు చేశాను. అద్దంలో ఆవిడ మేకల మధ్య నిలబడి కనబడింది. మొదటి మలుపు తిరిగేదాకా అక్కడే ఉంది.

ఒకటో గేరులో దిగడం మొదలుపెట్టాను. కరుణ చెప్పినట్టే గట్టిగా మాట్లాడుతున్నాను. ఏం మాట్లాడాలో తెలీక, కొండ మీద వదిలేసిన సామాను పేర్లు చెబుతున్నాను. పొయ్యి అక్కడే ఉంది, పెద్ద క్యాను అక్కడే ఉంది, నీ పచ్చ దుప్పటి మాత్రం నీ కిందే ఉంది. అరుస్తున్నాను.

దిగుడు పెరిగేసరికి నేను భయపడ్డదే జరిగింది. వెనక చక్రం కింద నేల లేనట్టయింది. బ్రేకు తొక్కితే చక్రం ఆగింది గానీ బండి ఆగలేదు. పెట్టె ఎడమకి, కుడికి, మళ్లీ ఎడమకి కొట్టింది. బుల్లెట్టు లోయ వైపు అడ్డంగా జారింది. రెండు కాళ్లూ నేలకి ఈడ్చి, కొండ వైపు గట్టుకి హ్యాండిలు తిప్పి ఎలాగో ఆపాను. చెప్పు ఒకటి ఎటో పోయింది.

ఆగింది మలుపు దగ్గర. ఆ కాస్త జాగా చదునుగా ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకో తర్వాత చెబుతాను.

దిగి చూశాను. రాళ్లు దొర్లి కరుణ పిక్కల మీద పడున్నాయి. పిక్క మీద చర్మం లేచిపోయింది, అయినా ఆవిడ మూలగలేదు. కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. చెవి పెట్టి విన్నాను. ఊపిరి సన్నగా, పైపైన ఆడుతోంది. రాళ్లన్నీ తీసి గట్టు కిందకి పారేశాను. ఒక్కటి కూడా ఉంచలేదు. అది బాగా గుర్తుంది, ఎందుకంటే ఆఖరి రాయి విసిరినప్పుడు దాని మీద కోపం చూపించాను.

పిన్ను తీసి కొక్కెం ఎత్తాను. ఎత్తడమేమిటి, చెయ్యి వేసేసరికి అదే లేచింది. పూలబుట్టలా ఉంది. నొక్కి నేలకి ఆనించాను.

రోడ్డు మీద కూలబడ్డాను. నా దగ్గర ఇంక చెయ్యడానికి ఏమీ లేదు. ఆవిణ్ణి అక్కడ వదిలి కిందకి పరిగెత్తి ఎవరినైనా తీసుకురావాలి, వచ్చేసరికి ఉండదు. లేదా అక్కడే కూర్చుని చెయ్యి పట్టుకోవాలి. ఈ రెండే. ఏది చెయ్యమంటావని ఆవిణ్ణి అడగబోయి ఆగిపోయాను. వినబడుతుంది గానీ బదులు చెప్పడానికి నోరు రాదు కదా. వినబడే మనిషి దగ్గర ఆ ప్రశ్న అడగకూడదు. ప్రార్థన చేశానని మా చర్చిలో చాలామంది అనుకుంటారు. చెయ్యలేదు. నేల వంక చూస్తూ ఉండిపోయాను.

ఎంతసేపో తెలీదు. ఎక్కువసేపు కాదు. ఏదైతే అదవుతుంది, మళ్లీ తగిలించి నడిపించుకుంటూనైనా పోదామని లేచాను. ఒంగి కొక్కెం కింద చెయ్యి పెట్టి ఎత్తాను.

లేవలేదు.

చెయ్యి సడలిందేమో అనుకుని కాళ్లు కాస్త ఎడం చేసి నిలబడి మళ్లీ ఎత్తాను. లేచింది. నిండు బకెట్టు కంటే ఒక చెంబెడు ఎక్కువ. ఉండవలసినంత బరువు. దించి ఇంకోసారి ఎత్తాను. అంతే ఉంది.

కరుణ ముందుకి జారిపోయిందేమో అనుకున్నాను. వెళ్లి చూశాను. జారలేదు. నేను వేసిన ముళ్లు నేను వేసినట్టే ఉన్నాయి. తల పెట్టె వెనక చెక్కకి ఆనుకునే ఉంది. కాళ్ల దగ్గర చెయ్యి పెట్టి తడిమాను. ప్లైవుడ్ తప్ప ఏమీ లేదు. కడ్డీ దేనికీ తగులుకుని లేదు. చక్రాల్లో గాలి సమంగా ఉంది.

ఆలోచించే టైము కాదది. తగిలించి, పిన్ను వేసి, బయల్దేరాను.

అక్కణ్ణుంచి కింద దాకా ఆ ట్రైలరు దూడలా నా వెంట వచ్చింది. నేను ఎన్నో దిగుళ్లు దిగాను దానితో. ఎంతో జాగ్రత్తగా సర్దుకుని దిగిన రోజుల్లో కూడా అంత కుదురుగా రాలేదు. మలుపు తిరిగినప్పుడల్లా కొండ వైపు కాస్త ఒరుగుతున్నట్టు హ్యాండిలుకి తెలుస్తోంది. బ్రేకు పడుతోంది. అద్దంలో పెట్టె అంచు, పచ్చ దుప్పటి కొస తప్ప ఏమీ కనబడలేదు. వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు. భయంతో కాదు. చూస్తే ఆ బరువు పోతుందేమోనని. ఇలాంటి ఆలోచన నాకు వస్తుందని అంతకుముందు ఎవరైనా అంటే నవ్వేవాణ్ణి.

సామాను పేర్లు అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

కింద ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి గేటులోకి హారను కొడుతూ వెళ్లాను. ఇద్దరు వచ్చి ముళ్లు కోసి ఆవిణ్ణి స్ట్రెచరు మీదకి మార్చారు. అప్పటికి ఊపిరి ఉందో లేదో తెలీకుండా ఉంది. కుర్ర డాక్టరు వెంటనే ముక్కూ నోరూ కలిపి మాస్కు పెట్టి గాలి సంచీ నొక్కుతూ ఊపిరి అందించాడు. ఇంజెక్షన్లు ఎక్కించారు. అంబులెన్సు మాట్లాడి వైజాగు పంపడానికి సిద్ధం చేస్తున్నారు. నన్ను బయట ఉండమన్నారు.

బయటికొచ్చి ట్రైలరు దగ్గర నిలబడ్డాను. పిన్ను తీసి కొక్కెం ఎత్తాను. ఖాళీ పెట్టె బరువే ఉంది. గేటు దగ్గరున్న వాచ్‌మనుని అడిగాను, మేం వచ్చినప్పుడు ఎంతమంది ఉన్నామని. "మీరు, అమ్మగారు. ఇంకెవరండీ?" అన్నాడు. అది కూడా ఆ రోజు డైరీలో రాశాను, అంబులెన్సులో కూర్చుని.

వైజాగులో ఆవిణ్ణి మిషను మీద పెట్టారు. గొంతులో గొట్టం. నేను పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాను, మానెయ్యడానికి భయమేసి. ఒక రోజు వేళ్లు కదిపింది. తర్వాత కళ్లు తెరిచింది. గొట్టం తీశాక మొదటిరోజు మాట్లాడొద్దన్నారు. మర్నాడు పొద్దున్న, నేను గ్లాసులో నీళ్లు పోస్తుంటే, బొంగురు గొంతుతో అడిగింది.

"ఆయన దిగిపోయేడా?"

"ఎవరు?"

"మనతో వచ్చినాయన. నా కాళ్లు ఒళ్లో ఎట్టుకుని కూకున్నాడు కదా."

గ్లాసు బల్ల మీద పెట్టేశాను. కొక్కెం సంగతి నేను అప్పటికి ఎవరికీ చెప్పలేదు. ఆవిడ పక్కన కూర్చుని ఎన్నో మాట్లాడాను గానీ అది మాత్రం పైకి అనలేదు.

ఎవరూ లేరన్నాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "ఉన్నాడండీ. మీరాగేరు కదా మలుపు కాడ, అప్పుడెక్కేడు. రెండు చీలమండలూ గట్టిగా పట్టుకున్నాడు. మలుపొచ్చినప్పుడల్లా కొండేపు ఒరిగీవోడు. బాగా బళ్లెక్కిన మనిషే." మళ్లీ తనే, "మీరేమో పొయ్యి, క్యాను అని ఒకటే గోల. ఆయనేటనుకున్నాడో," అంది.

నేను నవ్వుతూ ఏడ్చాను. నర్సు వచ్చి నన్ను బయటికి పంపేసింది.

డాక్టరుగారికి చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. ప్రాణవాయువు తగ్గినప్పుడు మెదడు ఇలాంటివి కల్పిస్తుందన్నారు. పైగా నేను పెద్దావిణ్ణి కాళ్లు పట్టుకోమని బతిమాలడం ఈవిడ వింది, అదే కలగా వచ్చి ఉంటుందన్నారు. ఒప్పుకున్నాను. కానీ పాము నన్ను కరవలేదు కదండీ, నా చేతికి తగిలిన బరువు మాటేమిటని అడిగాను. కంగారులో మనిషికి బలాబలాలు తెలీవన్నారు. నా చెయ్యి పూలబుట్టనీ నిండు బకెట్టునీ ఒకే చోట నిలబడి, కాసేపట్లోనే చూసింది. అది ఆయనకి ఎలా చెప్పాలో తెలీక లేచి వచ్చేశాను.

వెల్డింగు షాపతను, దిగుడులో బరువు దానంతటదే కొక్కెం మీదకి వస్తుందన్నాడు. నిజమే, వస్తుంది. కానీ నేను రెండుసార్లూ ఎత్తింది ఆ చదును జాగాలోనే. తర్వాత వెళ్లి నీళ్లు పోసి చూశాను. నీళ్లు ఎటూ పారలేదు.

మా పాస్టరుగారు దేవదూత అన్నారు. దేవదూతలకి బరువుంటుందా అని అడిగాను.

కరుణ కాస్త కోలుకున్నాక ఒక కారు మాట్లాడుకుని కొండెక్కాను. నేను విసిరేసిన సామానంతా ఆ పెద్దావిడ తన ఇంట్లో ఒక మూల పెట్టి, పైన మా టార్పాలినే కప్పి ఉంచింది. నన్ను చూడగానే "బతికిందా?" అని ఒక్కటే అడిగింది. బతికిందన్నాను. ఆవిడ కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆ రోజు మేం బయల్దేరాక మా వెనక ఎవరినైనా పంపావా అని అడిగాను. "ఎవుల్ని పంపుతాను బాబూ, ఎవులున్నారు? ఎక్కలేకపోయేనని ఆ దినమంతా అక్కడే కూకున్నాను. మేకల్ని కూడా సూసుకోలేదు," అంది.

ఆ మలుపు దగ్గర ఎవరైనా పోయారా అని కూడా వాకబు చేశాను. ఎవరికీ అలాంటిదేమీ తెలీదు.

ఇంటికొచ్చి కొన్నాళ్లయ్యాక ఒక మధ్యాహ్నం కరుణే అంది. "మీరు రోజూ ఆ కొక్కేన్నే సూస్తన్నారు. నన్నందులో పడుకోబెట్టి సూసీండి. మీకైనా నిద్దరడతాది."

పెరట్లో సిమెంటు నేల చదునుగా ఉంటుంది. ట్రైలరు అక్కడికి తెచ్చాను. ఆ రోజు ఎలా పడుకోబెట్టానో అలాగే పడుకోబెట్టాను. తల వెనక్కి, ఎడం పక్కకి ఒత్తిగిలి, మోకాళ్లు మడిచి. కొక్కెం దానంతటదే లేచింది. పక్కింటి కట్టుబడికి పోసిన ఇసక అడిగి బియ్యం సంచుల్లో నింపుకున్నాను. ఒక్కొక్కటీ ముందంచు మీద పెట్టి, ఆవిడ కాళ్లు దాని మీదకి ఎత్తి, వెళ్లి కొక్కెం ఎత్తి చూస్తున్నాను. చాల్లేదు. ఇంకోటి. ఇంకో సగం. సన్నపాటి మనిషి బరువు పడేసరికి నా చేతికి ఆ రోజు తెలిసినదే తెలిసింది. నిండు బకెట్టు, ఒక చెంబెడు ఎక్కువ. నా చెయ్యి ఈ విషయంలో పొరబడదు.

"ఇదే," అన్నాను. "ఇంతే ఉంది ఆ రోజు."

కరుణ కళ్లు తెరవలేదు. ఆ రోజులాగే మూసుకునే ఉంది. మడమలతో బస్తాని అటూ ఇటూ నొక్కి చూసుకుంది.

"కాదండీ," అంది.

"తక్కువైందా?"

"బరువు సంగతి నాకేటి తెలుసు. సల్లగుందండీ ఇది. ఆయన ఒళ్లు ఎచ్చగుండీది."

కొక్కెం చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. బరువైతే ఇంకో రెండు దోసిళ్ల ఇసక పోసైనా సరిచెయ్యగలను. ఆ వెచ్చదనానికి బదులు ఏం పెట్టి చూడాలో నాకు తోచలేదు. మెల్లిగా దించి, ఆవిడ లేవడానికి చెయ్యి అందించాను. ఆ రోజు మాతో కొండ దిగింది ఎవరో నేను చెప్పలేను. ఎవరూ లేరని కూడా ఇప్పుడు చెప్పలేను.